ప్రార్థనలో చదివిన పేర్లు

నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు రెండు మెమోలు వచ్చాయి. ఒకటి ఆఫీసు సైకిలు పోగొట్టినందుకు, రెండోది ఆ పోయిన సైకిలు దొరికిందని ఆలస్యంగా చెప్పినందుకు. రెండూ అన్యాయమేనని ఇప్పటికీ నా అభిప్రాయం. న్యాయంగా రావలసిన మెమో వేరే ఉంది. దాన్ని ఎవరూ ఇవ్వలేదు. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు రోగుల పేర్లు ఫోన్లో ఒకరికొకరు ఇట్టే పంపించుకోవడం ఈమధ్య చూశాక, ఆ సంగతి రాయకపోతే తప్పనిపించింది.

ఎనభైల మొదట్లో మాట. మాది నల్లపాడు. మా నాన్నగారు గుళ్ళో అర్చకులు. నాకు మంత్రాలు నోటికి రావని తేలిపోయాక, ఎవరినో పట్టుకుని నన్ను క్షయ నివారణ విభాగంలో వేయించారు. అద్దంకికి ఆవల ఒక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు. వండిపెట్టడానికి మా అమ్మ నాతో వచ్చి ఉండేది. పని చెప్పడానికి తేలిక. దగ్గేవాళ్ళకు కళ్ళె పరీక్ష చేయించాలి, జబ్బు ఉందని తేలితే ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు సూది వేసి, మాత్రలు మింగించాలి. చిక్కంతా ఆ ఏడాదిన్నరలో ఉంది. రెండు నెలలు మందు పడగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషికి కాస్త ఒళ్ళు వస్తుంది. ఇంక మందెందుకని మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి మందుకు సరిగా లొంగదు. నా రిజిస్టరులో నీలం సిరా కంటే ఎర్ర సిరాయే ఎక్కువగా ఖర్చయ్యేది.

నేను చెప్పబోయే ఊరు నల్లరేగడి మధ్య ఉంటుంది. మిరప, పత్తి, కొంచెం పొగాకు. వాన పడితే మనం సైకిలెక్కడం కాదు, సైకిలే మన భుజమెక్కుతుంది. ఊరికి దక్షిణంగా పల్లె. అక్కడున్న వాళ్ళంతా క్రైస్తవులు, అందరూ కాయ కోతకూ పత్తి తీతకూ వెళ్ళే కూలీలే. పల్లె మధ్యలో పెంకులు కప్పిన చిన్న చర్చి. పాస్టరుగారికి అలాంటి సంఘాలు చాలా ఉండడంతో ఇక్కడికి నెలకొకసారి, మొదటి ఆదివారం మాత్రం వచ్చేవారు. మిగిలిన రోజుల్లో సంఘాన్ని నడిపేది ఇద్దరు. ఒకరు సంఘ పెద్ద, నలభై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. రెండోది బైబిల్ ఉమన్, ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించే విధవరాలు, యాభై దాటిన మనిషి. పల్లెలో అందరూ అమ్మగారనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి.

ఆ పల్లెలో ఒక అలవాటు ఉంది. ఆడవాళ్ళు పొద్దున అన్నానికి బియ్యం తీసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి తెచ్చి చర్చిలో గంపలో పోస్తారు. మిగులు బియ్యం కాదది. తినే ముద్దలోంచి తీసింది. చాలాచోట్ల అది పాస్టరుగారి పోషణకు వెళ్తుంది. ఒకరోజు నేను ఊరికే, ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకుంటే వికారం పుట్టి కక్కేస్తున్నారని అమ్మగారి దగ్గర గొణిగాను. మళ్ళీ సోమవారం వెళ్ళేసరికి చర్చి వరండాలో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద తప్పాలా ఉంది.

"ఎవరికమ్మా గంజి?" అన్నాను.

"మీవాళ్ళకే. పాస్టరుగారినడిగితే సరేనన్నారు. ఆయనకి ఆ బియ్యం లేకపోయినా గడుస్తుందంట."

మీవాళ్ళంటే నా రోగులు. అప్పట్నుంచి సోమవారం, గురువారం మధ్యాహ్నం ఆ వరండాలోనే సూదులు, మాత్రలు. ముందు గంజి, తర్వాత మందు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి హిందువులూ వచ్చేవారు, ముస్లింలూ వచ్చేవారు. ఒకాయన అనుమానంగా, ప్రార్థన చేస్తే కానీ గంజి పొయ్యరా అనడిగితే, "దగ్గితే పోస్తాం" అంది అమ్మగారు. మా శాఖ పోస్టర్లు అంటించి చేయలేనిది ఆ తప్పాలా చేసింది. ఆ ఊళ్ళో మందు మానేసేవాళ్ళు తగ్గారు.

ఆ వరండాకు రాని రోగి ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో పేరున్న మిరప రైతు, ఇద్దరు తమ్ముళ్ళతో ఉమ్మడి సేద్యం. జబ్బు బయటపడిన రోజే నన్ను పొలంలో పొగాకు ఎండబెట్టే తన బ్యారను కొట్టం వెనక్కి తీసుకెళ్ళి చెప్పాడు.

"చూడబ్బాయ్, ఇది ఒక్క చెవిన పడిందా, తమ్ముళ్ళు నా కంచం వేరు పెడతారు. కూలీలు నా చేలోకి రారు. అద్దంకిలో ఏ సేటూ నా కాయ ముట్టడు. నువ్విక్కడికే రా, ఇక్కడే పొడువు. పేరు బయటికొచ్చిన రోజున నీ మందు నేను ముట్టను."

మాటిచ్చాను. రెండు నెలలు బ్యారను వెనకే సూది వేశాను. అందరిలాగే ఆయనకూ దగ్గు తగ్గింది. కాయ కోతలు మొదలయ్యాయి, బ్యారను దగ్గరికి రావడం మానేశాడు. మూడు వారాలు తిరిగాను, దొరకలేదు. రూలు ప్రకారం మానేసినవాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళాలి. అప్పటికి చుట్టుపక్కల ఊళ్ళలో మానేసినవాళ్ళు పదిమంది ఉన్నారు. ఎండలో అన్ని ఊళ్ళు తిరగడానికి నాకు బద్ధకం. అమ్మగారు తనంతట తనే, "ఎవరెవరు రావట్లేదో రాసియ్యండి, మా ఆడవాళ్ళు కూలికి పోతూ ఆ ఇళ్ళల్లో పలకరించి పోతారు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మందుల చీటీ వెనక గబగబా పది పేర్లు రాశాను. రిజిస్టరు చూసి వరసగా దించేశాను. ఏడో పేరు ఆ రైతుది. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు, మాటిచ్చిన సంగతి గుర్తు కూడా రాలేదు.

ఆ చీటీ అమ్మగారి దగ్గర ఊరికే ఉండలేదు. ఆ సంఘంలో ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా ఆదివారం పేరు చదివి ప్రార్థన చేస్తారు. ఆమధ్యే సంఘం చందాలేసుకుని మైకు సెట్టు కొంది. హారను తాటిచెట్టుకు కట్టారు, దాని మూతి ఊరివైపు. ఆ ఆదివారం సంఘ పెద్ద చీటీలో పది పేర్లూ ఇంటిపేర్లతో సహా, క్షయ జబ్బు మందు మానేసినవాళ్ళని ముందు చెప్పి మరీ చదివి, ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేశాడు. ఊరు ఊరంతా విన్నది.

నాకు సోమవారం ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర తెలిసింది. చర్చికి వెళ్ళి ముందు అమ్మగారి మీద విరుచుకుపడ్డాను.

"పేర్లెవరు చదవమన్నారండీ మిమ్మల్ని?"

ఆవిడ నిజంగా అర్థం కాక చూసింది. "పేరు లేకుండా ప్రార్థనేంది బాబూ? ఉత్తరానికి అడ్రసు ఉండొద్దా?"

అమ్మగారిలాంటి వాళ్ళ మనసులో దాపరికమనేదే లేదని అప్పుడనుకున్నాను. కష్టమొస్తే పదిమందికీ చెప్పుకోవడం, పదిమందీ కలిసి అడగడం, అంతే వాళ్ళకు తెలిసింది. జబ్బు పేరు చెబితే ఒకడి పరువు పోతుందని వాళ్ళకు తట్టలేదు. తట్టాల్సింది నాకు. నేనిలా అనుకుంటూ స్టవ్ మీద సూదులు మరగబెడుతుండగానే రైతు వచ్చాడు. వెంట తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు, కానీ ఆయనకు నాలుగు బారల దూరంలో నిలబడ్డారు. ఆ దూరం చూస్తే జరగాల్సింది అప్పటికే జరిగిపోయిందని అర్థమైంది.

"ఎవడిచ్చాడే నీకు నా పేరు?" అని అరిచాడు అమ్మగారి మీద.

నేను తలొంచుకుని గిన్నెలో నీళ్ళు చూస్తున్నాను. ఆవిడ నావైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నేనే చదివించాను బాబూ. తప్పు నాదే."

"నీకెట్టా తెలిసింది?"

"తెలిసింది. తప్పు నాదేనంటున్నాగా."

ఆయన జేబులోంచి మందుల కార్డు తీసి చింపి వరండాలో పారేశాడు. "చస్తే నా చేలో నేను చస్తాను. మీ పల్లె ఆడవాళ్ళు ఒక్కరు కూడా నా చేలోకి అడుగుపెట్టడానికి వీల్లేదు" అని వెళ్ళిపోయాడు. కోతల మధ్యలో ఆ మాటంటే పల్లెలో సగం ఇళ్ళకు పని పోయినట్టే. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, కొట్టించుకుంటానని భయం. ఆ రెండు భయాల మధ్య మంచీచెడూ ఆలోచించే చోటు నాలో లేకపోయింది.

బుధవారం ధైర్యం తెచ్చుకుని బ్యారను దగ్గరికి వెళ్ళాను. ఆయన లేడు. ఆయన భార్య చాటుగా వచ్చి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "రాత్రి తువ్వాల నిండా నెత్తురే బాబూ. వసారాలో మంచం వేశారు. కంచం కూడా అక్కడే. మందు తెస్తానంటే నన్ను కొట్టొచ్చాడు. ఇట్టాగే పోతాడు, ఏం చెయ్యను?" ఆవిడకు నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. ఏదో చెప్పి సైకిలెక్కాను.

అక్కణ్ణించి నేరుగా అమ్మగారి దగ్గరికి వెళ్ళి, ఆయనకు నెత్తురు పడుతోందని చెప్పాను. ఆవిడ అంది:

"ఆయన్ని ఒంటరిగా నిలబెట్టింది మేమే. చదివిన పేరు వెనక్కి తీసుకోలేం. పక్కన పోయి నిలబడగలం."

"ఏం చేస్తారు?"

"ఆదివారం రండి."

"దయచేసి ఇంక ఆ మైకు జోలికి పోకండమ్మా."

"మైకులో పోయిన మర్యాద గుసగుసల్లో తిరిగొస్తుందా బాబూ?" అంది.

ఆ ఆదివారం నెల మొదటి ఆదివారం, పాస్టరుగారు కూడా ఉన్నారు. నేను లోపలికి వెళ్ళకుండా గడప అవతల మెట్టు మీద కూర్చున్నాను. పాటలయ్యాక సంఘ పెద్ద లేచి, ఈరోజు సాక్ష్యాలు మాత్రమే అన్నాడు. తన జీవితంలో జరిగింది అందరి ముందూ నిలబడి చెప్పడాన్ని వాళ్ళు సాక్ష్యమంటారు. ముందు అమ్మగారు మైకు దగ్గరికొచ్చింది.

"ఊళ్ళో వింటున్న పెద్దలందరికీ వందనాలు. పోయిన ఆదివారం మేం పదిమంది పేర్లు చదివాం, ఈ ఊళ్ళో ఒకాయనది కూడా. అడక్కుండా చదివాం, అది మా తప్పు. ఇయాళ నా పేరు చదువుకుంటున్నాను. నాకూ క్షయ వచ్చింది. కాపరానికొచ్చిన పదో ఏడు. మా అత్త నన్ను గొడ్లచావిట్లో పడుకోబెట్టింది. సింగరాయకొండ అవతల మా పుట్టింటికి పోయి, ఏడాదిన్నర మందు మింగాను. బతికాను. వాక్యం చెప్పడానికి ఇక్కడికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. చెబితే మీరు నా చేతి గంజి తాగరని భయపడ్డాను."

ఆవిడ చేతి గంజి తాగినవాళ్ళు, ఆవిడ ఎత్తుకుని ముద్దాడిన పసిపిల్లల తల్లులు అందరూ అక్కడే ఉన్నారు. ఆవిడ తర్వాత ఒక కోతల కూలి లేచింది. తన మొగుడు దేంతో పోయాడో ఇన్నేళ్ళు దాచానని చెప్పింది. ఒక ముసలాయన లేచి, మందు మధ్యలో మానేసినందుకు ఒక ఊపిరితిత్తి పోగొట్టుకున్నానన్నాడు. ఇంకొకామె మైకుకు అలవాటు లేక గట్టిగా అరిచి మరీ చెప్పింది: "ఓ ఆసామీ, ఇంటన్నావా? మీ చేలో కాయ మేమే కోశాం, పిలిస్తే రేపూ కోస్తాం. నువ్వు మందు మాత్రం మింగు. కడుపులో ఏవన్నా ఏసుకుని మింగు, ఖాళీ కడుపున మింగితే కక్కుతావు!" ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఎవరూ పిలవకుండా లేచి నిలబడుతున్నారు. ఎవరికీ తెలియనివ్వమని మేం కార్డుల మీద రాసుకున్న జబ్బును, వాళ్ళు ఊరు మొత్తానికి వినిపించేలా తమ పేర్ల పక్కన చేర్చుకుంటున్నారు, ఒక పరాయి మనిషి ప్రాణం కోసం. అంతకంటే పెద్ద సంగతిని ఆ తర్వాత నేను చూడలేదు.

చివరికి సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. ఆయన పేరు నా రిజిస్టరులో ఉంది. ప్రతి మంగళవారం, శనివారం ఎవరికీ తెలియకుండా ఆరోగ్య కేంద్రానికి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఒక్క మాత్ర తప్పలేదు, అందుకే నా చీటీలోకి ఎక్కలేదు.

"పోయినవారం అందరి పేర్లూ చదివిన నోరిది," అన్నాడు. "నా పేరు చదవలేదు. నాక్కూడా ఇప్పుడు అదే జబ్బు. ఆరో నెల మందు నడుస్తావుంది. ఎందుకు దాచానంటే, బల్ల దగ్గర గిన్నె పట్టేది నేను."

మొదటి ఆదివారం వాళ్ళు రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. రసం ఉండేది ఒకటే గిన్నె. అందరి పెదవులూ దానికే తగులుతాయి. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇస్తే, దాన్ని వరస వెంట తీసుకెళ్ళేది సంఘ పెద్ద. ఆయన వెనక్కి తగ్గి, "ఇయాళ ఇంకెవరన్నా పట్టుకోండి" అన్నాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

"ఒరే, మందు మింగుతున్నావా లేదా?"

"మింగుతున్నానే అవ్వా."

"మింగేవాడి దగ్గర్నుంచి అంటదని సూదుల బాబు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నాడుగా. పట్టుకో గిన్నె. ముందు నాకియ్యి."

తాగింది. ఆవిడ పక్కన కూర్చున్నామె తాగింది. ఆ వరసంతా తాగింది, వెనక వరసా తాగింది. మందు పడుతున్న మనిషి నుంచి జబ్బు అంటదని నేను వందలసార్లు చెప్పి ఉంటాను. చెప్పడమే కానీ, ఆ మాట ఒక్కడైనా నమ్మాడని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్ళంతా నా మాటను నమ్మి తాగారు. ఇక్కడొక నిజం రాయాలి. అందరూ లేచి తమ తప్పులు చెప్పుకున్న ఆ పూట, చీటీ రాసింది నేనేనని లేచి చెప్పడానికి నాకు పన్నెండడుగుల దూరంలో మైకు ఉంది. నేను లేవలేదు.

సోమవారం మధ్యాహ్నం గంజి వడ్డిస్తుండగా రైతు వచ్చాడు. చాటుగా రాలేదు. బజారు మధ్య నుంచి, అందరూ చూస్తుండగా తువ్వాల నోటికడ్డం పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. మనిషి సగమైపోయాడు. వరండా మెట్టు దగ్గర ఆగి అమ్మగారిని అడిగాడు.

"నిన్న మైకులో మాటలన్నీ విన్నాను. గిన్నె పట్టుకోమందా ముసల్ది. ఆ తర్వాతేం వినపడలా. తాగారా?"

"తాగారు బాబూ."

"అందరూనా?"

"అందరూ."

ఆయన చెప్పులు విప్పి, మెట్టెక్కి, వరసలో ఆఖరి మనిషి పక్కన చాప మీద కూర్చున్నాడు. "గంజి పొయ్యమ్మా. ఖాళీ కడుపున మింగకూడదని మీరే మైకులో చెబితిరి."

అమ్మగారు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, "మిరపకాయలు కోసేవాళ్ళు కాచిన గంజిలోకి నంజుకోడానికి పచ్చిమిరపకాయ లేదేందే?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, నావైపు తిరిగాడు.

"ఏమబ్బాయ్, నీకు లేదా?"

ఆ తప్పాలా పొయ్యెక్కి అప్పటికి ఏడు నెలలు. అందరికీ ముందు గంజి, తర్వాత మందు అని చెప్పే నేను ఒక్కసారి కూడా ఆ గంజి ముట్టలేదు. ఊరవతలకు పోయి, కాలవగట్టు మీద కూర్చుని మా అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తినొచ్చేవాణ్ణి. అది అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

నేను జవాబు చెప్పేలోపే అమ్మగారు అందుకుంది. "ఆ బాబుకి గంజి పడదులే అయ్యా."

రెండోసారి ఆవిడ నాకోసం అడ్డం నిలబడింది. నాకింక సిగ్గు మోయడం చేతకాలేదు. "పడుతుంది" అన్నాను. గ్లాసు అందుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. "ఆ చీటీ రాసిచ్చింది నేను. మీకు మాటిచ్చి నేనే తప్పాను. అమ్మగారికి నేనివ్వకపోతే మీ పేరు తెలియదు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. కొడతాడనే అనుకున్నాను.

"ముందు గంజి తాగు," అన్నాడు. "తర్వాత తిడతాను."

అన్నట్టే తిట్టాడు. సూది వేస్తున్నంతసేపూ తిట్టాడు, మాత్రలు మింగే మధ్యలో ఊపిరి తీసుకుని తిట్టాడు, వెళ్తూ వెళ్తూ మెట్టు మీద ఆగి ఇంకో నాలుగు తిట్టాడు. గురువారం మళ్ళీ వచ్చాడు. కొత్త కార్డు రాసి, మందు మొదటి నుంచీ మొదలుపెట్టాం. మళ్ళీ వారం ఊళ్ళోంచి ఇంకో ఇద్దరు పట్టపగలు కళ్ళె డబ్బాలు పట్టుకుని ఆ వరండాకు వచ్చారు. కోతలకు పల్లె ఆడవాళ్ళు ఆయన చేలోకే వెళ్ళారు. ఆయన మాత్రం ఏడాదిన్నర పాటు, వానొచ్చినా వరదొచ్చినా, ఒక్క సోమవారం కానీ ఒక్క గురువారం కానీ తప్పకుండా వచ్చి నన్ను తిట్టాడు.